గుడియాత్తం చినగోరింట

మన సంఘం పత్రికకు ఏదైనా వ్రాసి పంపమని సంపాదకులు రెండుసార్లు అడిగారు. నేను మెట్రిక్యులేషన్‌తో చదువు చాలించి, ఇరవై ఏండ్లకు పైగా ఒక ఆఫీసులో కాగితాలు సర్దుతున్న గుమాస్తాను. కాశీ రామేశ్వరాలు చూసి వచ్చినవారు యాత్రలు వ్రాస్తారు. నేను చేసిన యాత్ర వేలూరు నుంచి గుడియాత్తం దాకా, ముప్పై కిలోమీటర్ల పైచిలుకు. అయితే అది ఒక మొక్క కోసం చేసిన యాత్ర. ఇంటి ముందు నాలుగడుగుల మట్టి ఉండి, అందులో ఏ పూలచెట్టు వేయాలా అని ఆలోచించే వారికి నా అనుభవం పనికివస్తుందేమోనని వ్రాస్తున్నాను. తప్పులుంటే పెద్దలు మన్నించగలరు.

మా వేలూరును పెద్దలు రాయవేలూరు అనేవారు. ఈ ఊరిని గురించి తమిళంలో ఒక వేళాకోళం ఉంది. నీళ్ళు లేని ఏరు, చెట్లు లేని కొండ, రాజు లేని కోట, దేవుడు లేని గుడి అని చెప్పుకుంటారు. కోటలో రాజు లేని మాట నిజమే. 1806 జూలై 10న సిపాయీలు తెల్లవారి మీద తిరగబడిన కోట అది. ఇప్పుడు అందులో గుడి, మసీదు, చర్చి, మ్యూజియము అన్నీ ఉన్నాయి గాని రాజు లేడు. దేవుడు లేని గుడి అన్న మాట మాత్రం 1981లో జలకంఠేశ్వరస్వామిని తిరిగి ప్రతిష్ఠించడంతో తీరిపోయింది. నీళ్ళు లేని ఏరన్న వాళ్ళ నోళ్ళను 2021 నవంబరులో పాలారే ఒడ్లు ఒరుసుకుని పారి మూయించింది. ఇక మిగిలింది చెట్లు లేని కొండ. ఆ రాళ్ళు పగలంతా కాగి, రాత్రంతా మా ఇండ్ల మీదికి వేడిని ఊదుతాయి. మే నెలలో 40 డిగ్రీలు దాటడం ఇక్కడ వింత కాదు. అందుచేత వేలూరులో చెట్టు వేయడం సరదా కాదు, అవసరం.

మా ఇల్లు ఆ కొండ అడుగునే ఉంది. వాకిట్లో 12 అడుగుల పొడుగు, 9 అడుగుల వెడల్పు మట్టి నేల ఉంది. ఇల్లు కట్టుకుని వచ్చిన కొత్తలో మా ఆవిడ, “ఇక్కడ ఒక పూలచెట్టు వేద్దాం” అన్నది. నాకు వెంటనే గుడియాత్తంలో మా ఇంటి బావి పక్కనున్న చినగోరింట గుర్తుకు వచ్చింది. ఎండలు ముదిరే కొద్దీ, తక్కిన మొక్కలన్నీ తలలు వాల్చినప్పుడు, అది మాత్రం గులాబి రంగు గుత్తులతో నిండిపోయేది. అటువంటిదే కావాలని రోడ్డు పక్కనున్న ఒక నర్సరీకి పోయాను. లేత ఊదారంగు పూలు పూసి ఉన్న ఒక మొక్కను చూపి, “ఇది చినగోరింటేనా?” అని అడిగాను. “దాని జాతే సార్, పువ్వు ఇంకా పెద్దది” అన్నాడు ఆ మనిషి. పువ్వు పెద్దదయితే మంచిదే గదా అనుకుని, బేరమాడి, సైకిలు వెనుక కట్టుకుని తెచ్చాను. కాంపౌండు గోడకు రెండడుగుల దూరంలో నాటాను. గోడ పక్కన అయితే నడవడానికి అడ్డం ఉండదని నా తెలివి.

అతడు అబద్ధం చెప్పలేదు. అడగవలసిన ప్రశ్న నేనే అడగలేదు. అది వరగోగు. తమిళంలో పూమరుదు అంటారు, కదలి అనీ అంటారు. మహారాష్ట్రంలో తామ్హన్ అని పిలిచి, తమ రాష్ట్ర పుష్పంగా గౌరవించుకుంటున్నది దానినే. అది పొద కాదు, వృక్షం. అడవిలోనూ రోడ్ల పక్కనా 50, 60 అడుగులు పెరిగే చెట్టు. మా మొక్క ఏడేండ్లలో మిద్దెను దాటింది. కొమ్మలు కరెంటు తీగలను తాకాయి. వేళ్ళు వాకిటి సిమెంటు నేలను పైకెత్తాయి. ఆకు రాలే కాలంలో పొరుగువారి నీళ్ళ తొట్టి నిండా మా ఆకులే. వారు మర్యాదస్థులు గనుక రెండేండ్లు ఓర్చుకుని, మూడో ఏట నోరు తెరిచి చెప్పారు. చివరకు మనుషులను పెట్టి కొట్టించవలసి వచ్చింది. ఆ ఏడే అది మొదటిసారి నిండుగా పూసింది. కొమ్మ తరువాత కొమ్మ పూలతోనే నేలకు దిగుతుంటే మా ఆవిడ లోపలికి పోయి తలుపు వేసుకుంది. ఆ పూట ఇంట్లో ఎవరమూ సరిగా తినలేదు. నేను పువ్వును చూసి కొన్నాను గాని చెట్టును చూడలేదు. ఆ తప్పుకు శిక్ష నాకు పడలేదు, చెట్టుకు పడింది.

ఈసారి తొందరపడకూడదని, చినగోరింటను గురించి తెలిసినవారిని అడిగి, దొరికినది చదివి, కొంత తెలుసుకున్నాను.

మన ఆడపిల్లలు చేతులకు పెట్టుకునే గోరింట, తోటలోని దానిమ్మ, ఈ చినగోరింట, వరగోగు, అడవులలో తెల్లని చిన్న పూలతో కమ్మగా వాసన వేసే చెన్నంగి ఇవన్నీ ఒకే కుటుంబమని వృక్షశాస్త్రం చెబుతున్నది. శాస్త్రం రాకముందే మనవాళ్ళు దీనికి గోరింట పేరు పెట్టడం చూస్తే వాళ్ళ చూపు ఎంత నిశితమో తెలుస్తుంది. ఇంగ్లీషులో క్రేప్ మర్టిల్ అంటారు. దీని శాస్త్రనామంలోని మొదటి భాగం స్వీడను దేశపు ఈస్టిండియా కంపెనీలో డైరెక్టరుగా ఉన్న లాగర్‌స్ట్రోమ్ అనే వర్తకుడి పేరు మీద పెట్టినది. ఆయన తూర్పు దేశాల మొక్కలను తెప్పించి స్నేహితుడైన లినేయసుకు ఇచ్చేవాడట. లినేయసు 1759లో ఆ జాతికి ఆయన పేరు పెట్టాడు. రెండో భాగం ‘ఇండికా’ అని ఉన్నా చైనా దేశంలో ఇది తరతరాలుగా ఇంటి మొక్క. ఎర్రగా నూరు రోజులు పూస్తుందని అక్కడ దీనికి ఒక పేరుంది. జపానువారు మరీ చమత్కారులు. ముదిరిన మాను బెరడు రాలి నున్నగా అవుతుంది గనుక, కోతి కూడా జారిపోతుందని చెప్పి, ‘కోతి జారుడు చెట్టు’ అనే అర్థం వచ్చే పేరు పెట్టారు.

మా అక్క కొడుకు అమెరికాలో టెక్సాసు రాష్ట్రంలో డల్లాసు దగ్గర ఉంటాడు. ఫోనులో మాట్లాడుతూ ఈ సంగతి చెబితే, “మామా, మా వీధి పొడుగునా అవే గదా!” అని ఫోటోలు పంపాడు. ఆ రాష్ట్రం 1997లో దీనిని తమ రాష్ట్రపు పొదగా ప్రకటించుకున్నదట. అక్కడి ఎండకూ మన ఎండకూ పోలిక ఉండడం చేత కాబోలు, చెట్లు బాగా ఏపుగా ఉన్నాయి. అక్కడ మొక్కలకు రకాల పేర్లున్నాయి. వాషింగ్టనులోని జాతీయ వృక్షోద్యానంలో ఎగోల్ఫ్ అనే ఆయన 1960ల నుంచి చాలా ఏండ్లు పనిచేసి, మన చినగోరింటను జపానులోని మరొక జాతితో సంకరం చేశాడు. మామూలు రకాలకు ఆకుల మీద తెల్లగా పట్టే బూడిద తెగులు పెద్ద బెడద. జపాను జాతికి ఆ తెగులును తట్టుకునే గుణం ఉంది. అలా పుట్టిన రకాలకు అమెరికా ఆదివాసుల తెగల పేర్లు పెట్టారు. నాచెజ్ అనేది తెల్లని పూలది, 20 అడుగులు దాటి పెరుగుతుంది, మాను దాల్చినచెక్క రంగులో ఉంటుంది. అకోమా అనేది కూడా తెలుపే, కాని పొట్టిది, కొమ్మలు వాలి ఉంటాయి. టస్కరోరా ముదురు గులాబి.

ఈ పేర్లు ఒక కాగితం మీద వ్రాసుకుని వేలూరు చుట్టుపక్కల నర్సరీలకు పోయాను. ఫలితం శూన్యం. నేను తిరిగిన తోటలలో రకానికి పేరు లేదు, రంగే పేరు. ‘రోజు’, ‘తెలుపు’, ‘ఊదా’, ‘ఎరుపు’, ‘పొట్టి’ అంతే. మా ఇంట్లో అప్పటికే మూడు పార్టీలు ఏర్పడ్డాయి. మా ఆవిడకు ఎరుపు కావాలి. మా అమ్మాయికి ఫోటోలో చూసిన నాచెజ్ వంటి తెలుపు కావాలి. నాకు మా అమ్మ పెంచిన గులాబిరంగే కావాలి. మనసులో మాట చెప్పాలంటే, గుడియాత్తం బావి పక్కనున్న ఆ మొక్కే కావాలి. కాని దానిని అడగడానికి నాకు మొహం లేదు. ఆ సంగతి తరువాత చెబుతాను.

పోయిన సంవత్సరం మే నెలలో ఒక ఆదివారం, రంగుల తగాదా ఎటూ తేలక, ఒంటరిగా బయలుదేరాను. పాలారు వంతెన దాటి, కాట్పాడిలో దిగి, అక్కడికి దగ్గరలో ఉన్న ఒక నర్సరీలోకి వెళ్ళాను. యజమాని తమిళుడే గాని, గోదావరి జిల్లా కడియం నుంచి లారీల మీద మొక్కలు తెప్పిస్తాడు గనుక తెలుగు మాటలు నాలుగు వచ్చు. నేను రంగును గురించి మొదలుపెట్టగానే చేయి అడ్డం పెట్టి, “మీ వాకిలి ఎంత?” అని అడిగాడు. చెప్పాను. “ఎండ ఎంతసేపు పడుతుంది?” “గోడ ఎంత దూరం?” “పైన తీగలున్నాయా?” అని వరుసగా అడిగాడు. పెండ్లి సంబంధానికి వచ్చినవాడు కూడా అన్ని ప్రశ్నలు అడగడు. తొమ్మిదేండ్ల కిందట నాకు మొక్క అమ్మినవాడు వీటిలో ఒక్కటి అడిగి ఉంటే, లేక నేనే ఒక్కటి అడిగి ఉంటే, ఒక చెట్టు బతికి ఉండేది.

ఆయన నన్ను తోట వెనక్కు తీసుకుపోయి, నేలలో పెరిగిన తల్లి మొక్కలను చూపాడు. కుండీలో చూస్తే అన్నీ మోకాలెత్తే ఉంటాయి. అసలు రూపం నేలలోనే తెలుస్తుంది. మొదటిది మూడడుగులు మించని పొట్టి రకం. మెట్ల పక్కన, మిద్దె మీద కుండీలలో పెట్టుకోవడానికి బాగుంటుంది. రెండోది ఎనిమిది, పదడుగుల పొద. మొదట్లోనే నాలుగైదు కాండాలు వచ్చి గొడుగులాగా విచ్చుకుని ఉంది. చిన్న వాకిటికి ఇదే సరియైనదన్నాడు. మూడోది తెల్ల పూలది, అప్పటికే మిద్దె ఎత్తు ఉంది. విశాలమైన దొడ్డి ఉన్నవారికే అది. ఎరుపు కుండీలో ఉన్నది గాని, దాని తల్లి మొక్క ఆయన దగ్గర లేదు. “ఎంత పెరుగుతుందో నేను చూడలేదు. చూడనిది మీకు చెప్పను” అన్నాడు. ఆ మాటతో నాకు ఆయన మీద గురి కుదిరింది.

వరగోగును, చినగోరింటను లేతప్పుడే గుర్తుపట్టే ఉపాయం కూడా చెప్పాడు. ఆకును చూడాలి. చినగోరింట ఆకు రెండంగుళాలకు అటూ ఇటూ ఉంటుంది, వరగోగు ఆకు అరచేయి పొడుగు ఉంటుంది. ఇంత చిన్న సంగతి తెలియక ఎంత పని జరిగింది!

“గుత్తులుగా పూసే ఆ పాత గులాబి రకం ఎక్కడైనా దొరుకుతుందా?” అని ఊరికే అడిగాను. “పాత ఇండ్లలో ఉంటుంది. మీరు ఏ ఊరు?” అన్నాడు. గుడియాత్తం అన్నాను. “అయితే ఇక్కడెందుకు వెతుకుతున్నారు? కొమ్మ నాటితే వస్తుంది. ఇంటికి పొండి” అన్నాడు. ఆయనకు మా ఇంటి సంగతి తెలియదు. అయినా ఆ మాట పట్టుకుని గుడియాత్తం బస్సెక్కాను.

లత్తేరి, కె.వి. కుప్పం దాటుతుంటే కిటికీలో నుంచి వేడిగాలి కొడుతున్నది. కొబ్బరితోటలు, మధ్యమధ్య రాతిగుట్టలు. గుడియాత్తం పేరు చెబితే పాతవారికి 1954 ఉపఎన్నిక గుర్తు వస్తుంది. ముఖ్యమంత్రి అయిన కామరాజు ఇక్కడి నుంచే శాసనసభకు ఎన్నికైనాడు. మామూలు జనానికి లుంగీలు, అగ్గిపెట్టెలు గుర్తుకు వస్తాయి. మాకు మాత్రం అది రెండు భాషల ఇల్లు. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడినప్పుడు పలమనేరు అటు పోయింది, గుడియాత్తం ఉత్తరార్కాటులో ఉండిపోయింది. 1953లో ఆంధ్ర రాష్ట్రం వచ్చేసరికి ఆ గీతే రాష్ట్రాల మధ్య గీత అయింది. మా అమ్మ పలమనేరు ఆడపడుచు. పెండ్లయి వచ్చేటప్పుడు పుట్టింటి చినగోరింట కొమ్మ ఒకటి తడిగుడ్డలో చుట్టుకుని తెచ్చి బావి పక్కన నాటిందట. ఏటా వైశాఖంలో, మే నడుమ, గంగమ్మ శిరసు ఊరేగే నాటికి అది నిండుగా పూసేది. తమిళులైన ఇరుగుపొరుగువారు దానిని పవళక్కుఱింజి అని పిలిచేవారు. ఏ పేరుతో అడిగినా అమ్మ గుత్తి కోసి ఇచ్చేది.

మా నాయన నేతగాడు. ఆ పూరేకుల ముడతలను చూపి ఒకసారి నాకు చెప్పాడు. నూలుకు పురి అతిగా ఎక్కించి నేస్తే, తడిపినప్పుడు గుడ్డ ఇట్లాగే ముడుచుకుంటుందట. క్రేపు గుడ్డ అంటే అదే. దొరలు పువ్వుకు పేరు పెట్టింది ఆ గుడ్డను చూసే. “పురి ఎక్కువైతే గుడ్డకు అందం, మనిషికి చేటు” అని ఆయనే నవ్వాడు.

ఇక చెప్పక తప్పనిది చెబుతాను. నాయన పోయిన తరువాత ఇల్లు, మగ్గాలు మా అన్న ఉంచుకుని, నా భాగానికి వాయిదాల మీద డబ్బు ఇచ్చేటట్లు ఒప్పుకున్నాము. 2021 నవంబరులో కౌండిన్య నది పొంగి గుడియాత్తంలో ఇండ్లలోకి నీళ్ళు వచ్చాయి. నేను రెండుసార్లు ఫోను చేశాను, కలవలేదు. ఊరికి పోలేదు. డిసెంబరులో వాయిదా రాలేదు. అప్పుడు నేను, ఇరవై ఏండ్లుగా ఇతరులకు నోటీసులు టైపు చేసిన చేత్తో, మా అన్నకు ఒక రిజిస్టరు జాబు పంపాను. తారీఖు, బాకీ, గడువు అన్నీ వరుస క్రమంలో వ్రాశాను. నెల తిరగకముందే మొత్తం డబ్బు వచ్చింది. ఆ తరువాత మాట రాలేదు. పెండ్లిళ్ళలో ఎదురుపడితే ఆయన తల పంకించేవాడు, నేనూ పంకించేవాణ్ణి. అదీ మా సంబంధం.

ఆ మధ్యాహ్నం గడప దగ్గర నిలబడి పిలవడానికి నాకు గొంతు పెగలలేదు. వదినే చూసింది. “అయ్యో, ఎండలో నిలబడినావే! లోపలికి రా నాయనా” అన్నది. అన్న మగ్గం దగ్గర నుంచి లేచి వచ్చి, “ఎప్పుడొస్తివిరా?” అన్నాడు. “ఇప్పుడే అన్నా.” “బువ్వ తిని పో” అన్నాడు. అంతే.

చేతులు కడుక్కోవడానికి దొడ్డిలోకి పోయాను. బావి పక్కన అమ్మ మొక్క ఉంది. కాని నాకు తెలిసిన మొక్క కాదు. పాత లావు కాండాలు లేవు. నేల దగ్గర ఒక మొద్దు, దాని నుంచి అయిదు కొత్త కాండాలు ఎనిమిదడుగుల ఎత్తుకు లేచి, కొసకొసకూ గుత్తులు. వదిన చెంబుతో నీళ్ళు పోస్తూ చెప్పింది. వరదలో నీళ్ళు దొడ్డిలో నడుములోతు నిలిచాయి. గుంట మగ్గాలు రెండూ బురదతో నిండిపోయాయి. నూలంతా పాడయింది. ఈ మొక్క నాలుగు రోజులు నీళ్ళలో నిలబడి ఆకంతా రాల్చింది. మీ అన్న పీకేద్దామన్నాడు. అత్తమ్మ మొక్క గదా, కొట్టి చూద్దామని నేనే మచ్చుకత్తితో మోకాలెత్తుకు కొట్టేశాను. మాఘం పోయినాక చిగురు పెట్టింది.

“మగ్గాలో?” అన్నాను. “ఒకటి బాగు చేయించాము. ఒకటి అమ్మినాము” అన్నది. ఎప్పుడు అమ్మారని నేను అడగలేదు. ఆ డబ్బు ఎక్కడికి వచ్చిందో లెక్కలు తెలిసినవాణ్ణి గనుక అడగనక్కరలేకపోయింది.

భోజనాల దగ్గర వచ్చిన పని చెప్పాను. వరగోగు కొట్టించిన కథ విని అన్న చాలాసేపు ఏమీ అనలేదు. నేను, “అన్నా, ఆ జాబు...” అని మొదలుపెట్టాను. ఆయన మజ్జిగ గిన్నె నా వైపు జరిపి, “కొమ్మ ఇప్పుడు కోస్తే బతకదురా. పూతలో ఉంది, ఎండ చూడు ఎట్లుందో. సంక్రాంతి పోయినాక రా. ఆకు రాల్చి నిద్దరలో ఉంటుంది. అప్పుడు కోస్తాము. అమ్మాయినీ తోడుకొని రా” అన్నాడు.

బస్సులో తిరిగి వస్తున్నప్పుడు నా చేతిలో మొక్క లేదు. కాని మళ్ళీ పోవలసిన పని ఒకటి ఉంది.

ఈ ఏడు సంక్రాంతి వెళ్ళిన తరువాత ముగ్గురమూ వెళ్ళాము. అన్న కత్తెర పట్టుకుని, పెన్సిలు లావు ఉన్న కొమ్మలు ఎంచి, ఒక్కొక్కటి జానెడు పొడవున ఎనిమిది ముక్కలు కోశాడు. కింది కొసను ఏటవాలుగా, పై కొసను తిన్నగా కోశాడు, తలక్రిందులుగా నాటకుండా గుర్తు. అమ్మ తెచ్చినట్లే తడిగుడ్డలో చుట్టి వదిన మా అమ్మాయి చేతికి ఇచ్చింది. ఇసుక, ఎర్రమన్ను సగం సగం కలిపిన డబ్బాలలో సగం దాకా గుచ్చి, నీడలో పెట్టి, మన్ను ఆరిపోకుండా తడిపాము. ఎనిమిదింటిలో అయిదు చిగురించాయి. జూలైలో నాలుగు వానలు పడిన తరువాత ఒకదానిని వాకిట్లో నాటాము. ఆ రోజున అన్న వేలూరు వచ్చాడు. మా ఇంటికి రావడం అదే మొదలు. నేను తవ్వి పెట్టిన గుంత దగ్గర నిలబడి, గోడను, పైన తీగలను చూసి, కాలితో అయిదడుగులు కొలిచి, “ఇక్కడ తవ్వు” అన్నాడు. నేను మాట్లాడకుండా కొత్త గుంత తవ్వాను.

మా ఇంటి రంగుల తగాదా ఎట్లా తీరిందంటారా? వాకిట్లో గులాబి. మా అమ్మాయికి కుండీలో తెల్ల పూల పొట్టి రకం, కాట్పాడి తోట నుంచి. మా ఆవిడ ఎరుపుకు, పదడుగులు మించని తల్లి మొక్కను ఎక్కడైనా కంటితో చూసినప్పుడే కొందామని వాయిదా వేశాము. ఈ వాయిదాకు నోటీసులు లేవు.

చినగోరింట వేయదలచిన వారికి నాకు తెలిసిన నాలుగు మాటలు మనవి చేసి ముగిస్తాను. రంగు కన్న ముందు ఎత్తును అడగండి. కుండీకి మూడడుగుల రకం, చిన్న వాకిటికి పదడుగుల లోపు రకం, దొడ్డికి పెద్ద రకం. వరగోగు అందమైన చెట్టే, కాని అది వీధికీ బడి ఆవరణకూ తగినది, ఇరుకు వాకిటికి కాదు. రోజుకు కనీసం ఆరు గంటల ఎండ పడే చోటు చూడండి. నీడలో పూత రాదు సరిగదా బూడిద తెగులు పడుతుంది. గోడకు అయిదడుగులైనా విడవండి. మొదటి రెండు ఎండకాలాలు తప్పక నీళ్ళు పోయండి, తరువాత అది తనంత తాను ఓర్చుకుంటుంది. బాగా మాగిన పశువుల ఎరువు కొద్దిగా చాలు. ఎక్కువ బలం పెడితే ఆకే గాని పువ్వు ఉండదు. లేత కొసలకు పేనుబంక పడితే సబ్బునీళ్ళు చల్లండి.

కత్తిరింపు జనవరి, ఫిబ్రవరి నెలలలోనే. పువ్వు కొత్త చిగురు మీద వస్తుంది గనుక, సన్నని కొమ్మలను, ఒకదాని మీద ఒకటి రాసుకునే వాటిని తీసివేస్తే చాలు. ఏటా మానును మొండిగా నరికేవారున్నారు. అలా చేస్తే బలం లేని కొమ్మలు వచ్చి, పూగుత్తి బరువుకే వాలిపోతాయి. మా వదిన మోకాలెత్తుకు కొట్టింది ప్రాణం నిలపడానికి, అందం కోసం కాదు. వాడిన గుత్తులను కాయ కట్టకముందే తుంచితే అదే ఏడు మళ్ళీ పూస్తుంది.

మా మొక్క ఇప్పుడు రెండడుగులుంది. ఇంకా పూయలేదు. డబ్బాలలో మిగిలిన నాలుగింటిలో ఒకటి మా పొరుగువారికి ఇచ్చాను, వారి తొట్టిలో పడిన ఆకుల బాకీ కింద. ఒకటి మా అక్క తీసుకుపోయింది. ఇంకా రెండు ఉన్నాయి. సంఘ సభ్యులలో ఎవరికైనా కావలసివస్తే సంతోషంగా ఇస్తాను. వచ్చేముందు మాత్రం దయచేసి మీ వాకిలి కొలుచుకుని రండి.